తలపు వేరు, తాను వేరు

టొరంటో నగరమున జిండెల్ సెగల్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఒక విచిత్రమైన పరీక్ష జరిపిరి. కుంగుబాటు వ్యాధినుండి చికిత్సచే కోలుకొని, వేళకు తినుచు, నిద్రించుచు, ఎప్పటివలె ఉద్యోగములకు పోవుచున్న వారిని పిలిపించి, తమ్ము గూర్చియు లోకమును గూర్చియు వారికి గల నమ్మకములేవో తెలుపు ప్రశ్నపత్రమొకటి ఒక్కొక్కరి చేతికిచ్చి సమాధానములు వ్రాయించుకొనిరి. అనంతరము రష్యా దేశపు సంగీతకర్త ప్రొకోఫియెవ్ కూర్చిన ఒక విషాద వాద్యఖండమును, దాని సహజగతిని సగమునకు తగ్గించి వినిపించుచు, తమ జీవితమున దుఃఖము కలిగించిన సంఘటన నొకదానిని స్మరింపుడని కోరిరి. కొలది నిమిషములలో వినువారి మనస్సు బరువెక్కెను. అది వ్యాధి కాదు. ముసురు పట్టిన సాయంకాలమున ఎవరికైనను కలుగునంతటి దిగులు మాత్రమే. ఆ దిగులులో నుండగానే అటువంటి ప్రశ్నపత్రమునే మరల చేతికిచ్చి చూడగా కొందరి సమాధానములు మారిపోయినవి. గంట క్రితము తమ్ము గూర్చి నెమ్మదిగా మాటలాడిన వారే, ఒక పని చెడినచో తమ బ్రతుకే చెడినట్లును, ఒకరికి నచ్చనిచో తాము ఎవరికిని కొఱగానట్లును గుర్తులు పెట్టిరి. ఎవరి సమాధానములు ఈ విధముగా ఎక్కువగా మారెనో వారికే తరువాతి ఏడాదిన్నర కాలములో వ్యాధి తిరుగబెట్టుట ఎక్కువగా కనబడెను.

దిగులు ప్రతి మనిషికిని కలుగును. కలుగని మనిషి ఉండినచో అతనితో స్నేహము కష్టము. ఈ పరీక్షలో నన్ను నిలిపి ఆలోచింపజేసినది ఆ దిగులు తెరచిన తలుపుగుండ లోనికి వచ్చిన తలపుల ప్రవర్తన. అవి తలపులవలె రాలేదు. నిజములవలె వచ్చినవి, అంతకు మించి, 'నేను' అను పేరు పెట్టుకొని వచ్చినవి. వచ్చినది అతిథియో గృహస్థుడో విచారింపక, ఆ మనుష్యులు తమ ఇంటి తాళపుచెవులు వానికే అప్పగించి ప్రక్కకు తొలగి నిలిచిరి. మన మనస్సున పుట్టు ప్రతి వాక్యమును మనమే పలికినట్లును, పలికినది కనుక సత్యమైనట్లును భావించు ఈ అలవాటు రోగులకు మాత్రమే చెందినది కాదు.

రాత్రి పదకొండు గంటలైనది. కొడుకు డల్లాసులో ఉన్నాడు. ప్రతి ఆదివారమును తప్పక వచ్చు ఫోను ఈ ఆదివారము రాలేదు. తల్లి తానే చేసినది. మ్రోగి మ్రోగి ఆగిపోయినది. వాట్సాప్‌లో పెట్టిన సందేశమునకు ఒక్క టిక్కు మాత్రమే పడి, రెండవది ఎంతకును పడకున్నది.

“ఏమండీ, వాడికేమన్నా అయిందేమో.”

“ఆదివారం కదా, ఇంకా లేచుండడు. నువ్వు పడుకో.”

“మీకేం తెలుసు? నా మనసు చెబుతోంది.”

భర్త అటు తిరిగి పడుకొన్నాడు. ఆమె మాత్రము కూర్చుండియే ఉన్నది. అయినదేమో అను శంక రెండు నిమిషములలో అయినదను నిశ్చయమయ్యెను, నిశ్చయము రోడ్డు మీద తలక్రిందులైన కారుగా కనబడెను, కారు ఆసుపత్రియయ్యెను, ఆసుపత్రినుండి ఎవరో అపరిచితుడు ఇంగ్లీషులో చేయబోవు ఫోనునకు తాను చెప్పవలసిన సమాధానమును ఆమె అప్పుడే లోపల కూర్చుకొనుచున్నది. గొంతు ఎండినది, అరచేతులు చెమర్చినవి, గుండె దడదడలాడుచున్నది. గదిలో మాత్రము పంకా తిరుగుచున్నది. గోడకు కాలెండరు, బల్లమీద బి.పి. మాత్రల డబ్బా, గంటక్రితము ఎక్కడ ఉన్నవో అక్కడనే ఉన్నవి. ఈ లోకమున అంతవరకు జరిగినది ఒక్కటే: ఒక ఫోను ఎత్తబడలేదు. తక్కినదంతయు ఆమె లోపల జరిగినది. ఆ తల్లి అవివేకి కాదు. ఆమె ప్రేమ ఎంత గట్టిదో ఆ భయమును అంత గట్టిదే. అయితే, ప్రమాదము జరిగినదను తలపు నాకు వచ్చినదని ఆమెకు ఆ క్షణమున తెలిసియుండినచో, కొడుకు స్నేహితునికి ఫోను చేయుటకు ఆమెకు ఏ అడ్డంకియు ఉండెడిది కాదు. చేయుచున్నప్పుడు చేయి వణకెడిది కాదు, అంతే. చేయవలసిన పనికిని ఆ వణకునకును ఏ సంబంధమును లేదని తెలిసికొనుట మన జీవితములలో ఎంత ఆలస్యముగా జరుగునో తలచుకొన్నచో జాలి కలుగును.

మన దేశమున ఈ విషయమును అత్యంత సంక్షిప్తముగా చెప్పినవాడు పతంజలి. యోగమనగా చిత్తవృత్తులు నిలిచిపోవుటయని రెండవ సూత్రమునను, అవి నిలిచినప్పుడు చూచువాడు తన స్వరూపమున నుండునని మూడవ సూత్రమునను చెప్పి, నాలుగవ దానిలో, తక్కిన వేళలందు అతడు ఆ వృత్తుల రూపమునే ధరించియుండునని ముగించెను. మన పండితులు మొదటి మూడింటిని విస్తారముగా వ్యాఖ్యానింతురు. నాకు మాత్రము నాలుగవది మిక్కిలి మానవీయముగా తోచును, ఏలయన మన దినములలో అధికభాగము ఆ నాలుగవ సూత్రముననే గడచుచున్నది. కోపము వచ్చినచో కోపమే తాను, అసూయ వచ్చినచో అసూయయే తాను. స్ఫటికము ప్రక్కన మందారపువ్వు నుంచినచో స్ఫటికమే ఎఱ్ఱనైనట్లు కనబడునని సాంఖ్యులును వేదాంతులును చెప్పిన ఉపమానము ఈ సందర్భముననే పుట్టినది. పువ్వును పారవేయనక్కఱలేదు, స్ఫటికమును కడుగనక్కఱలేదు. ఎఱుపు ఎవరిదో తెలిసిన చాలును. దృగ్దృశ్యవివేకమను చిన్న ప్రకరణగ్రంథము, కొందరు శంకరులదనియు కొందరు భారతీతీర్థులదనియు చెప్పునది, ఈ విచారమును మెట్టుమెట్టుగా నడపును: కంటికి రూపము కనబడును, కన్ను మనస్సునకు తెలియును, మనస్సులోని మార్పులు సాక్షికి తెలియును, కాబట్టి తెలియబడునది తెలిసికొనునది కాజాలదు. తర్కము ఇంత సులభము. అయితే తర్కము తెలిసిన పండితుడును మరునాటి ఉదయము తనయింటి కుళాయికి నీరు రాకున్నచో పొరుగువానిపై మండిపడుచునే ఉండును; ఎందుకనగా ఇది తెలిసికొని ఊరకుండు విద్య కాదు, ఈతవలె చేసి నేర్వవలసిన విద్య.

చేయుట అనగానే చాలమందికి తోచు మొదటి ఉపాయము తలపులను తరుముట. అది ఫలింపదని 1987లో డేనియల్ వెగ్నర్ టెక్సాసులోని ట్రినిటీ విశ్వవిద్యాలయమున ఒక సామాన్యమైన ప్రయోగముచే చూపెను. విద్యార్థులను కూర్చుండబెట్టి, ఐదు నిమిషములపాటు మనసున తోచినదెల్ల పైకి చెప్పుడు, తెల్ల ఎలుగుబంటిని మాత్రము తలపకుడు, తలచినచో గంట మ్రోగింపుడు అని చెప్పెను. గంటలు మ్రోగుచునే యుండెను. అంతకంటె విశేషము తరువాత కనబడినది: ఇక ఎలుగుబంటిని యథేచ్ఛగా తలచుకొనవచ్చునని అనుమతి యిచ్చినప్పుడు, ముందు దానిని అణచినవారు, మొదటినుండియు దానినే తలచుకొనుమని చెప్పబడిన వారికంటె ఎక్కువగా తలచిరి. తలపును తరుమువాడు అది వెడలినదో లేదో చూచుటకు మాటిమాటికి వెనుదిరుగవలయును. వెనుదిరిగినప్పుడెల్ల అది అక్కడ ఉండును. దేవుని గదిలో కన్నులు మూసి కూర్చుండి, చెడ్డ ఆలోచనలు రాకూడదు రాకూడదనుకొని, అవి వచ్చినందుకు తమ్ము తామే నిందించుకొను భక్తులను ఎందరినో ఎఱుగుదుము. వారి బాధ భక్తిలోపము వలన కలుగునది కాదు. వారికి ఎవరును చెప్పని సంగతి ఒక్కటి ఉన్నది: తలపు పుట్టుట మీద మనిషికి అధికారము లేదు, పుట్టిన తలపుతో ఎట్లు మెలగవలయునను విషయమున మాత్రము కొంత స్వాతంత్ర్యము కలదు.

ఆ స్వాతంత్ర్యమును వైద్యముగా మార్చినవారి కథ తెలియదగినది. ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అను వైద్యుడు 1960వ దశాబ్దమున, కుంగుబాటు రోగుల మనస్సున అప్రయత్నముగా దొర్లుచుండు నైరాశ్యవాక్యములను పట్టి, వానికి ఆధారమేమని ప్రశ్నించి సడలించు చికిత్సను కనిపెట్టెను. అది ఫలించినది, చికిత్స ముగిసిన తరువాతను రోగిని కొంతకాలము కాపాడుచుండెను. ఎందువలన కాపాడుచున్నదను ప్రశ్న 1990వ దశాబ్దపు ఆరంభమున ముగ్గురికి కలిగెను: టొరంటోలో సెగల్, వేల్సులోని బ్యాంగర్‌లో మార్క్ విలియమ్స్, కేంబ్రిడ్జిలో జాన్ టీస్‌డేల్. రోగి నమ్మకములు మారుటచే నయమగుచున్నదని అంతవరకు అందరి అభిప్రాయము. ఈ ముగ్గురు మఱియొక విధముగా ఊహించిరి: తన వాక్యమును తాను కాగితముపై వ్రాసి, ఎదుట పెట్టుకొని, ఇది నిజమా అని పదేపదే పరీక్షించుటలో, రోగి తనకు తెలియకయే ఆ వాక్యమునుండి ఒక అడుగు వెనుకకు జరుగుచున్నాడు, వాదమున గెలుచుటకంటె ఆ అడుగే అతనిని కాపాడుచున్నదేమో. ఆ అడుగునే సూటిగా నేర్పవచ్చునా అని వెదకుచు వారు మసాచుసెట్సు రాష్ట్రమునకు పోయిరి. అక్కడి విశ్వవిద్యాలయ వైద్యశాలలో 1979 నుండి జాన్ కబట్-జిన్, జెన్ సంప్రదాయమునను విపశ్యన అను బౌద్ధ ధ్యానమునందును పరిచయము గలవాడు, దీర్ఘకాలపు నొప్పులతో వచ్చు రోగులకు ధ్యానమును మతప్రసక్తి లేకుండ నేర్పుచుండెను.

ఈ కథలో నాకు ప్రియమైన భాగమిది. ఈ శాస్త్రజ్ఞులు మొదట ధ్యానమును, మాత్రలను ఇచ్చినట్లు, తాము మ్రింగకయే రోగులకు ఇవ్వదలచిరి. తీరా తరగతి నడుపుచున్నప్పుడు ఎవరైనను కన్నీరు పెట్టుకొన్నచో, ఏమి చేయవలయునో తోచక, మరల పాత వైద్యులై ఆ సమస్యను విడదీసి పరిష్కరింప పూనుకొనుచుండిరి. మసాచుసెట్సున శిక్షకులు అట్లు చేయుట లేదు. దుఃఖమును చెప్పుకొన్నవారికి వారు ఉపాయము చెప్పుట లేదు, మాట మార్చుట లేదు. ఆ దుఃఖము శరీరమున ఎక్కడ తెలియుచున్నది, ఇప్పుడెట్లున్నదని నెమ్మదిగా అడుగుచు, దానితో కొంతసేపు కూర్చుండుటకు తోడుపడుచున్నారు. తాము కూర్చుండనిదే ఇతరులను కూర్చుండబెట్టలేరని ముగ్గురికిని బోధపడెను. పెద్ద శాస్త్రజ్ఞులు, గ్రంథకర్తలు, తమ ఇండ్లలో ప్రతిదినమును మౌనముగా కూర్చుండ మొదలిడిరి. పాండిత్యము అడ్డుపడని ఇట్టి వినయము అరుదు.

వారు రూపొందించిన శిక్షణ ఎనిమిది వారములు. మొదటి తరగతిలో ప్రతివారి అరచేతిలోను ఒక్క కిస్‌మిస్ పండు పెట్టుదురు. దానిని ఎన్నడును చూడనివారివలె చూడవలయును: దాని మడతలు, మడతల నడుమ వెలుగు, వ్రేళ్ల నడుమ నొక్కినప్పటి మెత్తదనము, వాసన. చివరకు నాలుకపై నుంచుకొని, వెంటనే నమలక, నోటిలో ఊరు నీటిని గమనింపవలయును. ఇది చేయుచుండగానే మనస్సు పండును విడిచిపోవును. మనవారికైనచో గుడిలో తిన్న చక్కెరపొంగలి జ్ఞాపకము వచ్చును, ఆ పొంగలి చేతబెట్టిన అమ్మమ్మ జ్ఞాపకము వచ్చును, ఆమె పోయినప్పుడు సెలవు దొరకక వెళ్లలేకపోయిన సంగతి జ్ఞాపకము వచ్చును. నోటిలోని పండు ఎప్పుడు మ్రింగితిమో తెలియదు. అప్పుడు శిక్షకుడు తప్పు పట్టడు. మనస్సు ఎక్కడికి పోయినదో గమనించితిరా అని మాత్రము అడుగును. తరువాతి వారములలో పాదములనుండి తలవరకు దేహమును, పిదప శ్వాసను, పిదప శబ్దములను గమనించుట నేర్పుదురు. వీధిలో పోవు బండి మ్రోత వచ్చును, వినబడును, పోవును. ఆ మ్రోత నేను అని ఎవరును అనుకొనరు. శబ్దములను అట్లు వినుట అలవడిన పిమ్మట, అదే చెవితో తలపులను వినుడని చెప్పుదురు. ఈ క్రమము మిక్కిలి తెలివైనదని నా అభిప్రాయము. నీవు నీ తలపు కావని ఒకనికి మాటలతో చెప్పినచో అది వేదాంతముగా వినబడి ఆవులింత తెప్పించును. బండి మ్రోత తరువాత తలపును వినిపించినచో చెప్పనక్కఱలేకయే కొంత తెలియును.

స్వయముగా కూర్చుండి చూచువారికి మొదట ఎదురగు నిరాశ ఒకటి కలదు. శ్వాసను గమనింపబూనిన అరనిమిషములో, పాలవానికి డబ్బు ఇవ్వలేదను తలపు వచ్చును; దానినుండి నెలాఖరు, నెలాఖరునుండి ఇంటి వాయిదా, వాయిదానుండి బ్యాంకులో ఆ గుమాస్తా పలికిన పెడసరపు మాట, దానికి మనము అప్పుడు చెప్పలేకపోయిన చక్కని సమాధానము. ఎంతో దూరము పోయిన తరువాత, అరెరే శ్వాసను మరచితినేయని మెలకువ కలుగును. చాలమంది ఇక్కడ, నాకు ధ్యానము కుదరదు, నా మనస్సు కోతి, అని లేచిపోవుదురు. నిజమునకు వారు లేచిపోయిన ఆ క్షణమే, మరచితినని తెలిసిన ఆ క్షణమే, ఈ విద్య. అంతకుముందు తలపు ఉన్నది, చూచువాడు లేడు. ఇప్పుడు తలపును ఉన్నది, అది తలపని తెలియుటయు ఉన్నది. ఆ తెలియుట అరక్షణము నిలిచినను చాలును. నూరుసార్లు తప్పిపోయి నూరుసార్లు తెలిసికొన్నవాడు నూరుసార్లు అభ్యాసము చేసినవాడే. 'నాకు కుదరదు' అనునదియు తలపేనని గుర్తించినవానికి అంతటితో ఎంతో దారి సాగినట్లే.

ఈ శిక్షణపై జరిపిన తొలి పరీక్ష ఫలితములు 2000 సంవత్సరమున ప్రకటింపబడినవి. మూడు నగరములలో కలిపి 145 మంది. అందరును వ్యాధినుండి కోలుకొని మందులు మానినవారు. కొందరికి మామూలు వైద్యసదుపాయము మాత్రమును, తక్కినవారికి దానితోపాటు ఈ శిక్షణయు లభించినవి. ఏడాదికి పైగా గమనింపగా, పూర్వము మూడు లేక అంతకు మించిన పర్యాయములు వ్యాధి వచ్చినవారిలో, శిక్షణ లేనివారియందు 66 శాతమునకును, శిక్షణ పొందినవారియందు 37 శాతమునకును వ్యాధి తిరుగబెట్టెను. 2004లో వెలువడిన రెండవ పరీక్షయు ఇదే చెప్పెను. ఆ సంవత్సరముననే బ్రిటిషు ప్రభుత్వ వైద్యప్రమాణ సంస్థ దీనిని తన సిఫారసులలో చేర్చుకొనెను. అయితే రెండు పర్యాయములు మాత్రమే వ్యాధి వచ్చినవారికి దీనివలన మేలు కనబడలేదు. పరిశోధకులు దీనిని దాచలేదు, కారణము వెదకిరి. పలుమార్లు జబ్బుపడినవారిలో దిగులునకును నైరాశ్యపు తలపులకును నడుమ బాట బాగుగా నలిగియుండును, చిన్న దిగులు చాలును తలపుల గుంపు తనంతట తాను బయలుదేరుటకు. శిక్షణ ఆ బాటపై పనిచేయును. రెండు పర్యాయములవారిలో వ్యాధి ఎక్కువగా భార్యాభర్తల వియోగము వంటి బాహ్యఘాతముల వలన వచ్చుచుండెను. అట్టి దెబ్బను తలపుల పరిశీలన ఆపజాలదు. ఈ విద్య ఏమి చేయగలదో తెలిసినంత స్పష్టముగా ఏమి చేయలేదో తెలిసియుండుట నాకు గొప్ప ధైర్యమునిచ్చుచున్నది.

పాశ్చాత్యులు కొత్తగా పరీక్షించినది మనకు పాతదియే. పాళీ త్రిపిటకమున మజ్ఝిమనికాయములోని సతిపట్ఠాన సుత్తము దేహమును, వేదనలను (అనగా అనుభూతులను), చిత్తమును, ధర్మములను వరుసగా గమనించు విధమును చెప్పును. చిత్తమును గూర్చిన భాగమున పదునారు స్థితులు జంటజంటలుగా పేర్కొనబడినవి. విశేషమేమనగా, రాగముతో కూడిన చిత్తమును భిక్షువు అట్టిదిగానే తెలిసికొనవలయును, రాగము లేని చిత్తమును అట్టిదిగానే తెలిసికొనవలయును. ఆ చోట తరుముట లేదు, నిందించుట లేదు. బర్మాలో మహాసీ సయాడో (1904–1982) దీనినుండి ఒక సులభమైన పద్ధతి తీసెను: కడుపు పొంగుటను, అణగుటను గమనించుచు, నడుమ తలపు వచ్చినచో, ఆలోచించుచున్నాను అని లోలోపల పేరుపెట్టి మరల కడుపునకు మరలుట. అక్కడనే మఱియొక పరంపర లెడీ సయాడో (1846–1923) నుండి సయా థెట్‌జీ అను రైతునకును, ఆయననుండి ఊ బా ఖిన్ అను ప్రభుత్వోద్యోగికిని వచ్చెను. స్వతంత్ర బర్మాకు తొలి అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన ఊ బా ఖిన్ వద్దకు సత్యనారాయణ గోయెంకా అను వ్యాపారి తీవ్రమైన పార్శ్వపు తలనొప్పితో వచ్చినప్పుడు, తలనొప్పి తగ్గించుకొనుటకే వచ్చినచో ఈ విద్యను అవమానించినట్లని ఆయన మొదట తిరస్కరించెనట. 1955లో గోయెంకా తొలి శిబిరమున కూర్చుండెను. 1969లో భారతదేశమునకు వచ్చి బోధింపసాగెను.

తెలుగునేలకు ఈ పరంపర త్వరగానే వచ్చినది. హైదరాబాదులో వనస్థలిపురము వద్ద, నాగార్జునసాగర్ రోడ్డు ప్రక్కన నున్న ధమ్మ ఖేత్త దేశములోని తొలి విపశ్యన కేంద్రములలో ఒకటి; 1976లో ఏర్పడినది. ఏలూరు సమీపమున విజయరాయిలోను, నాగార్జునసాగర్‌లోను కూడ కేంద్రములు కలవు. ఇక్ష్వాకుల కాలమున కృష్ణాతీరపు విహారములలో భిక్షువులు వసించిన లోయ జలాశయమున మునిగిపోగా, ఆ నీటి ఒడ్డున మన కాలపు గుమాస్తాలును విద్యార్థులును గృహిణులును మరల కన్నులు మూసి కూర్చుండుచున్నారు. పది దినముల శిబిరము. ఫోను, పుస్తకము, కలము ఏవియు ఉండవు. మాట లేదు, సైగయు లేదు. తెల్లవారుజామున నాలుగింటికి గంట మ్రోగును. రాత్రి తొమ్మిదింటివరకు కూర్చుండుటయే పని. రుసుము లేదు, పూర్వము శిబిరము చేసినవారు ఇచ్చిన విరాళములతో తరువాతివారికి భోజనవసతులు అమరును. తొలి మూడు దినములును ముక్కుపుటముల వద్ద శ్వాసను, నాలుగవ దినమునుండి దేహమంతట కలుగు వేదనలను గమనింపవలయును. ఇక్కడ తలపులకు పేరుపెట్టుట లేదు.

ఇక మోకాలి నొప్పి సంగతి. తలపును గూర్చి వ్రాయుచు దానిని గూర్చి చెప్పనేలయని అడుగవచ్చును. గంటసేపు కదలక కూర్చుండవలయునను నియమము మొదలైనప్పుడు ఈ విద్య నిజముగా తెలియునది మోకాలియందే. నలుబది నిమిషములు దాటగానే నొప్పి భరింపరానిదగును. గమనించి చూచినచో అందు రెండు కలవు. ఒకటి మోకాలిలోని వేడి, పోటు, లాగుట. అవి క్షణక్షణము మారుచున్నవి, ఒకప్పుడు మధ్యలో ఆగుచున్నవి కూడ. రెండవది, ఇంక భరింపలేను, ఈ కాలు చెడిపోవును, ఎందుకు వచ్చితిని దేవుడా అను వాక్యపరంపర. అది మోకాలిలో లేదు. ఈ రెండును విడివడిన క్షణమున నొప్పి పోదు, దానిలోని భయము పోవును. ఈ సంగతి ఒక్కమారు దేహమున అనుభూతమైనవానికి, అవమానమునందును, అసూయయందును, పరీక్షాఫలితము రాని రాత్రియందును అదే విభజన సాధ్యమని తోచును.

అరుణాచలమున రమణ మహర్షి చూపిన దారి వేరు. ఆయనను ఆ పేరుతో లోకమునకు చూపినవాడు బొబ్బిలి ప్రాంతపు కావ్యకంఠ గణపతి ముని, 1907లో. మన తెలుగు రచయిత చలము 1950లో ఆ కొండ క్రిందికి పోయి అక్కడనే జీవితము గడపెను. మహర్షి మార్గమున తలపులను ఒక్కొక్కటిగా చూచుచు కూర్చుండుట లేదు. తలపు పుట్టగానే ఇది ఎవరికి పుట్టినదని అడుగవలయును. నాకు అను సమాధానము రాగా, ఆ నేను ఎవరని దాని మూలమునకు మరలవలయును. బౌద్ధుడు ప్రవాహమును చూచుచుండగా ఈయన ప్రవాహమునకు జన్మస్థానమును వెదకుమనును. ఇది నిశితమైన దారి. మొదటి అడుగునందే చివరి మెట్టు కలదు.

ఇక మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఈ విషయమున లేవదీసిన అభ్యంతరమును దాటి పోరాదు. తలపును చూచు సాక్షి యొకడున్నాడని మీరు చెప్పుచున్నారు. ఆ సాక్షియు పూర్వపు తలపులచే, జ్ఞాపకములచే, శాస్త్రములు చదివి ఏర్పరచుకొన్న అభిప్రాయములచే కూర్చబడినవాడు కాడా? చూచువాడు, చూడబడునది అని రెండు చేసి, ఉన్నతాసనమున కొక తలపును కూర్చుండబెట్టి తక్కిన తలపులపై పెత్తనమిచ్చుట విముక్తి యెట్లగును? ఇది ఆయన దీర్ఘకాలము పలువిధముల అడిగిన ప్రశ్న. ఈ ప్రశ్న ఎంత నిజమో కొంతకాలము అభ్యసించినవారికి తెలియును. మొదట కోపమును చూచెదము. పిదప, నేను కోపమును చూడగలవాడనైతినను గర్వము లోపల నెమ్మదిగా చేరును. ఇంటిలోని వారు గట్టిగా మాటలాడినచో, పాపము వీరికి ఇంకను తెలియలేదని జాలిపడు చల్లని చూపు ఒకటి మొగమున నిలుచును. ఆ చూపును భార్యాబిడ్డలు కోపముకంటెను ఎక్కువ భరింపలేరు. సాక్షియని మనము భ్రమించినది అప్పటికి మఱియొక తలపై, అందరికంటె బలిష్ఠమైనదై కూర్చున్నది.

అయినను కృష్ణమూర్తి చెప్పినదానిని మొదటి పాఠముగా తీసికొనుటకు నేను సాహసింపను. తల్లడిల్లుచున్న మనిషికి చూచువాడును లేడని చెప్పుట వలన ఊరట కలుగదు. మహాసీవారి పేరుపెట్టుటయో, ఎనిమిది వారముల శిక్షణలోని శబ్దశ్రవణమో మొదట అతనికి కాలు నిలుపు చోటు నిచ్చును. కొంత నిలకడ చిక్కిన పిమ్మట, చూచుచున్నాననుకొను ఆ 'నేను' వంకకును ఒకమారు చూపు త్రిప్పుట మంచిది. అప్పుడు మదనపల్లె కుమారుని ప్రశ్న ఔషధము. ముందుగా అది కేవలము వాదము.

ఈ విద్య అందరికిని అన్ని వేళల తగినది కాదని చెప్పుట నా విధి. పది దినముల మౌనము కొందరి మనస్సులో అణగియున్న గాయములను ఒక్కసారిగా పైకి తేగలదు. కావుననే శిబిరములవారు తీవ్రమానసిక వ్యాధులను గూర్చి దరఖాస్తులోనే అడుగుదురు, అట్టివారిని వారింతురు. ఆ ప్రశ్నకు నిజము చెప్పవలయును. టీస్‌డేల్ మిత్రబృందము శిక్షణ ఇచ్చినదియు కోలుకొన్నవారికే; వ్యాధి ముమ్మరముగా నున్నవానిని, నీ ఆలోచనలను గమనించుకొమ్మని ఒంటరిగా వదలుట క్రూరత్వము. చావవలయునను తలపు పదేపదే వచ్చుచున్నవారు దానిని ఒంటరిగా పరిశీలించుచు కూర్చుండక వెంటనే ఎవరికైనను చెప్పవలయును. కేంద్రప్రభుత్వము నడపు టెలిమానస్ ఫోను 14416లో రాత్రింబవళ్లు తెలుగునను మాటలాడువారుందురు.

మఱియొక దుర్వినియోగము నాకు ఇంతకంటెను ఆగ్రహము కలిగించుచున్నది. ఉద్యోగశాలలలో ఇప్పుడు ధ్యానతరగతులు విరివిగా పెట్టుచున్నారు. పన్నెండు గంటలు పనిచేయించి, సెలవులు కోసివేసి, స్త్రీతో అసభ్యముగా మాటలాడిన అధికారిని కాపాడి, బాధితురాలిని మాత్రము నీ కోపమును గమనించుకొమ్మా అని చాపమీద కూర్చుండబెట్టుట ఈ విద్యకు ఘోరమైన అపచారము. కోపము తలపు కావచ్చును. కోపమునకు కారణమైన అన్యాయము తలపు కాదు, అది ఆ గదిలో, ఫలానా దినమున, ఫలానావారి ఎదుట జరిగినది. తన కోపమును తాను చూడగలిగిన స్త్రీ ఊరకుండవలసిన పని లేదు. వణకుచున్న చేతితో ఆ రాత్రియే దూషణలతో నిండిన ఉత్తరము వ్రాసి, తెల్లవారి దానిని చించివేసి, నాలో ఏమి తప్పున్నదోయని కుమిలిపోవు బదులు, ఆమె మరునాడు కూర్చుండి ఫిర్యాదు వ్రాయును. దానిలో తేదీ ఉండును, గంట ఉండును, పలికిన మాట యథాతథముగా ఉండును, విన్న ఇద్దరి పేర్లుండును. సంస్థలోని అంతర్గత ఫిర్యాదుల కమిటీకి దానిని ఇచ్చి, తన వద్ద ఒక ప్రతి ఉంచుకొని, అందినట్లు సంతకము తీసికొని మరల తన బల్ల వద్దకు పోవును.